నేను లెక్కపెట్టిన టీ గ్లాసులు

ఆ రోజుల్లో షేర్ల విషయంలో తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అనే తేడా ఉండేది కాదు. అందరూ తెలిసినవాళ్లే. ఇప్పుడూ అంతే అనుకోండి, కానీ ఇప్పుడు వాదనలన్నీ ఫోన్లలో వేళ్లతో జరుగుతాయి కాబట్టి చెవులకు కొంత విశ్రాంతి. అయినా మా ఆఫీసులో భోజనాల దగ్గర ఏ కుర్రాడైనా ఒక కంపెనీ పేరెత్తి, "సార్, ఇది పెరుగుతుందంటారా?" అని అడిగితే నాకు ముందు ఆవులింత వస్తుంది. ఆ తర్వాత పప్పు కలుపుకుంటాను. ఏ విషయం మీదా అభిప్రాయం చెప్పని మనిషిగా నాకు మంచి పేరుంది. (ఆ పేరుతోనే మేనేజరునయ్యానని మా ఆవిడ నమ్మకం.) ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. తొంభైల చివర్లో, ఇరవై రెండేళ్ల వయసులో, మాదాపూర్‌లో ఒక బండరాయి మీద మూడు వారాలు కూర్చుని సంపాదించుకున్నది.

కర్నూలు వైపు మా ఊళ్లో డిగ్రీ ముగించి, అమీర్‌పేటలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజులవి. ఉండేది మూసాపేటలో, మా మేనమామ ఇంట్లో. ఇల్లంటే సొంత ఇల్లు కాదు, రెండు గదుల కిరాయి వాటా. మామ ఒక ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు పనిచేసి, వాళ్లు వయసు రాకముందే రిటైరయ్యేవాళ్లకు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తామంటే తీసుకుని బయటికి వచ్చేశాడు. ఆ డబ్బులో చాలా భాగం ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లలో పెట్టాడు. దాని పేరు చెప్పను, చెప్పినా మీరు విని ఉండరు. కొండాపూర్ వెళ్లే దారిలో బండల మధ్య మూడంతస్తుల మేడలో రెండో అంతస్తు దానిది. మేమందరం దాన్ని 'మన కంపెనీ' అనేవాళ్లం. మామ కొన్నాక ఆ షేరు మూడింతలైంది. షేరు కాగితాలు బీరువాలో అత్త పట్టుచీరల కింద ఉండేవి. వారానికోసారి మామ బీరువా తెరిచి చీరలు ఎత్తి చూసేవాడు.

అత్తకు కావలసింది ఒక్కటే. తొమ్మిదేళ్లలో ఏడు ఇళ్లు మారింది మనిషి. మళ్లీ కట్టాలి కదా అని వంటింటి సామాన్లలో సగం మూటలు అసలు విప్పేదే కాదు. బాచుపల్లిలో ద్రాక్షతోట తీసేసి ప్లాట్లు వేస్తే, అందులో ఒక చిన్న స్థలం మా పక్క వీధి బడిపంతులుది అమ్మకానికి వచ్చింది. ఒక ఆదివారం ముగ్గురం వెళ్లి చూశాం. అత్త చెప్పులు విప్పి ఆ ఎర్రమట్టిలో అటూ ఇటూ నడిచి, ఒక మూల కాలి బొటనవేలితో గీత గీసి, "వంటిల్లు ఇక్కడ" అంది. ఆ రోజు షేర్లు అమ్మేస్తే స్థలం సరిగ్గా వస్తుంది. ఆరు నెలలు ఆగి అది ఇంకో రెండింతలైతే, స్థలంతో పాటు మిద్దె కూడా వస్తుందని మామ ఆశ. ఆగితే స్థలం పోతుందని అత్త భయం. పంతులుగారు ఒక నెల గడువిచ్చాడు. నెలాఖరు శుక్రవారంలోగా అవునో కాదో చెప్పాలి.

కాబట్టి అమ్మాలా, ఉంచాలా అన్నది తేలాలి. అది తేల్చే చోటు కూకట్‌పల్లిలో ఒక మిఠాయి దుకాణం మీద ఉన్న షేర్ బ్రోకరు గది. గదిలో ఒక కంప్యూటరు, దాని తెర మీద ధరలు, దాని ముందు బెంచీలు, బెంచీల మీద మేము. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఒకటే వాదన. నిన్న ఆపినచోటే ఇవాళ మొదలుపెట్టేవాళ్లు. అందులో ఇద్దరు ముఖ్యులు, ఇద్దరి దగ్గరా మన కంపెనీ షేర్లున్నాయి. ఒకాయన సూపర్నెంటు గారు. గోదావరి వైపు ఏదో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి, ఎప్పుడూ అనుమానమే. రెండో ఆయన పుప్పాలగూడ పటేలు. రాళ్లు తప్ప ఏమీ పండని రెండెకరాలు అమ్మి షేర్లు కొన్నాడు. (ఆ రెండెకరాల సంగతి ఇప్పుడు ఆయన దగ్గర ఎత్తకూడదు.)

"రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తప్పుతాయని, ఆ సున్నాలు దిద్దే పని చేస్తున్నారండి వీళ్లు. బానే ఉంది. ఆ సంవత్సరం వచ్చి వెళ్లిపోయాక ఏం దిద్దుతారండీ?" అని సూపర్నెంటు గారు మొదలుపెట్టేవారు.

"ఏదో ఒకటి దిద్దుతరు సార్. పనిమంతునికి పని లేక పోతదా? మీరు జర పరేషాన్ గాకుండ్రి" అని పటేలు.

"అది కాదండి పటేలుగారూ..."

"ఏంది కాదు? నిన్న గూడ గిట్లనే అన్నరు. నిన్న పెరిగింది."

మా మామ మధ్యలో కూర్చుని ఇద్దరికీ తల ఊపేవాడు. నేను గోడకు ఆనుకుని, ఉద్యోగ ప్రకటనల కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి. ఆ వయసులో నిద్రకు లోటుండకూడదు కానీ, ఆ గదిలో నాకు వచ్చింది నిద్ర కాదు, వయసైపోయిన వాళ్లకు వచ్చే అలసట. ఒకే మాట ముప్పైసార్లు వింటే ఎవరికైనా అంతే.

ఒకరోజు సూపర్నెంటు గారు కొత్త మాట అన్నారు. "ఉద్యోగంలో ఉండగా నేను ఎన్నో ఆఫీసులు తనిఖీ చేశానండి. ఒక ఆఫీసు నడుస్తోందో, పడుకుందో ఫైళ్లు చూసి ఎప్పుడూ చెప్పలేదు. ఫైళ్లు ఎన్నయినా పుట్టిస్తారు. లోపలికి రోజుకెన్ని టీలు వెళ్తున్నాయో బయట బండివాణ్ణి అడిగేవాణ్ణి. టీ అబద్ధం చెప్పదండి." తర్వాత అందరూ ఒకేసారి నావైపు తిరిగారు. పనీపాటా లేనివాణ్ణి, బస్‌పాస్ ఉన్నవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే.

అలా నేను మన కంపెనీ ఎదురుగా బండరాయి ఎక్కాను. పక్కనే చాయ్ బండి. ఆ బండి ఆయన్ని నేను చాయ్ అన్న అనేవాణ్ణి. గ్లాసులు గుచ్చే తీగ స్టాండు పట్టుకుని ఆయన రోజుకు ఆరేడుసార్లు ఆ మెట్లెక్కేవాడు. స్టాండు చూడటం, గ్లాసులు లెక్కపెట్టడం, నోటు పుస్తకంలో గీతలు గీయడం నా పని. మొదటి రెండు రోజులు కంపెనీ వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చి, "ఎవలి కోసం కూసున్నవ్?" అని గదమాయించాడు. లోపల పనిచేసే ఏ అమ్మాయి కోసమో అనుకున్నాడు పాపం. చాయ్ అన్నే కల్పించుకుని, "నౌకరీ కోసం గావొచ్చు తియ్యి, పోరడు మంచోడే" అని సర్దిచెప్పాడు. ఎండ మాత్రం ఎవరూ సర్దిచెప్పలేనంత ఉండేది. దూరంగా కొత్తగా కట్టిన హైటెక్ సిటీ గుండ్రటి అద్దాల మేడ తళతళలాడుతుంటే, కింద ఆ బండ వేడికి నేను ప్యాంటు మడతలు మార్చి మార్చి కూర్చునేవాణ్ణి.

మొదటి వారం రోజుకు ముప్పై అయిదు, ముప్పై ఆరు టీలు. ఆ అంకె బ్రోకరు గదికి తెచ్చి ఇస్తే దాని మీద మళ్లీ వాదన. మనిషి ఒక్కటే తాగుతాడా, రెండా? "కంప్యూటర్ పని చేసెటోళ్లు రెండు తాగుతరు, నిద్ర వస్తది గద" అని పటేలు. "మా ఆఫీసులో తల ఒక్కింటికి ఒకటిన్నర లెక్కండి" అని సూపర్నెంటు గారు. ఆ ఒకటిన్నరతో భాగించే పని నాదే. కంపెనీలో సరిగ్గా ఎంతమంది ఉన్నారో తేలేది కాదు, అరమనిషి మిగిలిపోయేవాడు. ఆ అరమనిషి గురించి ఒక మధ్యాహ్నమంతా మాట్లాడారు.

రెండో వారంలో టీలు యాభై దాటాయి. మూడో వారంలో డెబ్బై. చాయ్ అన్న రెండో స్టాండు కొన్నాడు. గదిలో నా మర్యాద మారిపోయింది. నేను మెట్లెక్కుతుంటే లోపల మాటలు ఆగేవి. బెంచీ మీద జరిగి చోటిచ్చేవారు. సూపర్నెంటు గారంతటి అనుమానపు మనిషి కూడా, "డెబ్బయ్యా? నీ కళ్లతో చూశావా నాయనా?" అని రెండుసార్లు అడిగి, నిట్టూర్చి, నోరు మూసుకున్నారు. కంపెనీ కొత్తవాళ్లను దండిగా తీసుకుంటోందని గది మొత్తం నిశ్చయించుకుంది. షేరు కూడా ఆ మాట విన్నట్టే కొంచెం కొంచెం లేస్తోంది. ఆ మధ్యనే ఒక ఇంటర్వ్యూలో నన్ను 'మీకు తర్వాత తెలియజేస్తాం' అని పంపించేశారు. అందుకని ఈ గౌరవం నాకు బాగా ఎక్కింది. నడక కూడా మారిందని అత్త అంది.

గడువు శుక్రవారం సాయంత్రం మామ నన్ను డాబా మెట్ల మీదికి పిలిచాడు. పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అంతకు ముందెప్పుడూ ఆయన నాతో అలా కూర్చుని మాట్లాడింది లేదు.

"అల్లుడూ, గదిలో వాళ్లు వంద మాట్లాడతారు. నువ్వు చదువుకున్నోడివి. కళ్లారా చూసినోడివి. చెప్పు, అమ్ముదామా, ఉంచుదామా?"

నేను వెంటనే చెప్పలేదు. చెప్పకూడదని తెలుసు. పెద్దవాళ్లు ఇలాంటప్పుడు కాసేపు దూరంగా ఎటో చూస్తారు కదా, నేనూ ఎదురింటి నీళ్ల ట్యాంకు వైపు చూశాను. తర్వాత, "దినదినం పెరుగుతాంది మామా. ఇప్పుడమ్మితే తప్పు చేసినట్టే. ఉంచు" అన్నాను.

"అయితే నీ మాటే" అన్నాడు మామ. నా భుజం మీద చెయ్యి వేసి లేచి లోపలికి వెళ్లి, అత్తతో, "ఇంకో ఆర్నెల్లు ఆగుదాం లే, స్థలమూ మిద్దే ఒకేసారి చూసుకుందాం" అన్నాడు. అత్త బియ్యం కడుగుతోంది. కడుగుతూనే "సరే" అంది. నేను ఆ 'సరే'ను ఒప్పుకోలు అనుకున్నాను. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

మంగళవారం మామూలుగా బండ మీద కూర్చుని ఉండగా చాయ్ అన్న రెండు స్టాండ్లూ నింపి, కొత్తగా కొన్న మూడోదానికి చెయ్యి చాలక, "తమ్మీ, జర ఇదొకటి పట్టుకొని నా ఎనుక రా" అన్నాడు. అన్ని రోజులు బయట కూర్చున్నవాణ్ణి, మొదటిసారి మన కంపెనీ లోపలికి పోతున్నాను. కాలర్ సరిచేసుకున్నాను. మెట్లెక్కుతూ ఆయన, "మస్తు నడుస్తుంది తమ్మీ కంపెనీ. నా చాయ్ చూస్తె తెలుస్తలేదా? అందుకే నేను గూడ మొన్న యాభై షేర్లు తీసుకున్న" అన్నాడు. నాకు చాలా సంతోషమైంది. ఆయన కూడా నా లెక్కతోనే వచ్చాడు కదా.

తలుపు తీస్తే ముందు ఒక హాలు. హాలు నిండా కుర్చీలు, కుర్చీల నిండా మనుషులు. ఎవరూ నా వయసువాళ్లు కారు. నుదుట విభూతి పెట్టుకున్నవాళ్లు, చంకలో తోలు సంచులున్నవాళ్లు, ఒళ్లో షేరు ధరలుండే పింక్ రంగు పేపరు పరుచుకున్నవాళ్లు. అందరూ మాట్లాడుకుంటున్నారు. "రెండువేల సంవత్సరం తర్వాత ఏం చేస్తారటా?" అని ఒకాయన, "ఏదో ఒకటి చేస్తరు లెండి" అని ఇంకొకాయన. ఆ మాటలు వినగానే మళ్లీ పాత నిద్ర వచ్చినట్టయింది నాకు. చాయ్ అన్న వరసగా గ్లాసులు అందిస్తూ పోయాడు. ఎదురు బల్ల దగ్గరున్న అమ్మాయిని, వీళ్లంతా ఎవరని అడిగాను. ఆమె కూడా బాగా అలసిపోయి ఉంది.

"షేర్లున్న వాళ్లండి. కంపెనీ ఎలా నడుస్తుందో చూడటానికి వెనక గేటు నుంచి వస్తారు. రోజురోజుకీ ఎక్కువైపోతున్నారు. ఊరికే పంపితే బాగోదని సార్ టీ ఇమ్మన్నారు."

"మరి లోపల పనిచేసేవాళ్లకండీ?"

"వాళ్లకి లోపల మెషీనుందండి. బటన్ నొక్కితే కాఫీ వస్తుంది. వాళ్లెవరూ ఈ టీ తాగరు."

అద్దం తలుపులోంచి చూశాను. లోపల పదకొండుమంది ఉన్నారు. (లెక్కపెట్టడం అప్పటికే అలవాటైపోయింది.) అందులో ఒకడు బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నాడు. వెనక్కి తిరిగితే, కిటికీ పక్క కుర్చీలో సూపర్నెంటు గారు. ఆయన పక్కన పుప్పాలగూడ పటేలు. ఇద్దరి చేతుల్లోనూ గ్లాసులు. ఒకరినొకరు చూడనట్టు కూర్చున్నారు, నన్ను చూశాక ముగ్గురం చూడనట్టు ఉండటం కుదరలేదు.

"ఎన్ని రోజుల నుంచి వస్తున్నారండీ?" అన్నాను.

"నువ్వు యాభై అని చెప్పిన రోజు నుంచీ నాయనా" అన్నారు సూపర్నెంటు గారు మెల్లిగా. "అంత పెరిగిందంటే మనసు ఊరుకోలేదు. ఒకసారి కళ్లతో చూద్దామని, నీకు కనపడకుండా వెనక గేటు నుంచి. రోజూ రెండు తాగుతున్నాను. ఇవీ నీ పుస్తకంలో పడ్డాయా?"

"పడ్డాయండి."

పటేలు గ్లాసు కింద పెట్టి, "నేను మూడు తాగిన" అన్నాడు. సూపర్నెంటు గారు హాల్లో కుర్చీలను కళ్లతోనే లెక్కపెడుతున్నారు. ప్రతి కుర్చీలోనూ ఆయనకు ఒక బ్రోకరు గది కనిపిస్తోంది కాబోలు. ఎవరి గదిలో వాళ్లు ఎలా లెక్కపెట్టుకుని వచ్చారో నాకు తెలియదు, అడిగే ఓపిక కూడా లేకపోయింది.

ఆ సాయంత్రమే మామకు చెప్పాలి. తప్పకుండా చెప్పాలనే ఇంటికి వెళ్లాను. వెళ్లేసరికి మామ పాత క్యాలెండరు వెనక మిద్దె ప్లాను గీస్తున్నాడు. "అల్లుడూ, నీకూ పైన ఒక గది వేస్తాండా" అన్నాడు. తలనొప్పని పడుకున్నాను. పొద్దున లేచి బ్రోకరు గదికి వెళ్లేసరికి ఆ హాల్లో కూర్చున్నవాళ్లందరూ అద్దం తలుపులోంచి లోపలికి చూసి మా కంటే ముందు మేలుకున్నట్టున్నారు. తెర మీద అమ్ముతామనేవాళ్ల అంకె బారెడుంది, కొంటామనేవాళ్ల గడి ఖాళీ. ఒక రోజుకు ఇంతకు మించి పడకూడదని ఆ రోజుల్లో హద్దు ఉండేది. పొద్దున పదింటికల్లా ఆ హద్దు దాకా పడిపోవడం, ఇక కొనేవాడు లేక అక్కడే ఆగిపోవడం. మర్నాడూ అంతే. వారమంతా అంతే. సూపర్నెంటు గారు వాదించడం మానేశారు, పటేలు రావడం మానేశాడు. ఆర్నెల్లయ్యేసరికి అత్త పట్టుచీరల కింద ఉన్నవి ఉత్త కాగితాలు. ఒక్క చాయ్ అన్న సంగతే నయం. బండి తీసుకెళ్లి ఆ అద్దాల మేడ ముందు పెట్టుకున్నాడు, అక్కడ తాగేవాళ్లు నిజంగా పనిచేసేవాళ్లే.

మామ నన్ను ఒక్క మాట అనలేదు. బంధువులెవరైనా అడిగితే, "నా తెలివి తక్కువ పని" అనేవాడు. నా పేరెత్తేవాడు కాదు. ఆ మంచితనం భరించడం నాకు కష్టమైపోయింది. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, వేరే ఇల్లు తీసుకున్నాను, పెళ్లయింది. అయినా వాళ్లు ఇల్లు మారిన ప్రతిసారీ సెలవు పెట్టి వెళ్లి అత్త డబ్బాలు, మూటలు నేనే మోసేవాణ్ణి. అలా నాలుగిళ్లు మోశాను. చివరికి పుష్కరం దాటాక, మామ ఒక బడిలో ఆఫీసు పని చేసి, అప్పు తీసుకుని, బాచుపల్లిలోనే రెండో అంతస్తులో ఒక చిన్న ఫ్లాటు కొన్నాడు. ఆ ఆఖరిసారి కూడా మూటలు నావే. అప్పటికి నా నడుము సహకరించడం మానేసింది.

పోయినేడు ఒక ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. మామ హాల్లో పడుకుని ఉన్నాడు. అత్త వడ్డిస్తుంటే ఎందుకో ఇక దాచుకోబుద్ధి కాలేదు. టీలు, బండరాయి, మెట్ల మీద మాట, నేను నోరు విప్పని ఆ మంగళవారం, అన్నీ చెప్పేశాను. "నీ వంటిల్లు పోగొట్టింది నేనే అత్తా" అన్నాను. యాభైకి దగ్గరపడిన మనిషిని, కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చున్నాను.

అత్త గరిటె పట్టుకుని నావైపు చూసింది. "అందుకా నాయనా, ఇల్లు మారినప్పుడల్లా సెలవు పెట్టి పరిగెత్తుకొచ్చేది? నేను ఊరికే ప్రేమతో అనుకుంటి." కాసేపు నవ్వింది. తర్వాత మామూలుగా అంది. "మీ మామ ఆ శుక్రవారం పొద్దున్నే పంతులు ఇంటికి పోయి స్థలం వద్దని చెప్పి వచ్చినాడు. పంతులు పెండ్లాము మధ్యాహ్నం బోరింగు కాడ నాకు చెప్పె. సాయంత్రం నిన్ను మెట్ల మీద కూచోబెట్టుకుంటే, ఏం అడుగుతాండాడబ్బా అనుకుంటి."

"మరి నన్నెందుకు అడిగినట్టు?"

"భయమేసి ఉంటాది. ఒక్కడే ఎట్ల మోస్తాడు?" అంటూ అత్త పులుసు పోసింది. "నువ్వు అమ్మమన్నా అమ్మేటోడు కాదులే. తిను, చల్లారిపోతాది."

తలెత్తి చూస్తే హాల్లో మామ నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. పాతికేళ్లుగా ఆ ఇల్లు పోగొట్టినవాణ్ణి నేనేనని నమ్మి బతికాను. కాదని తెలిశాక మనసు తేలికపడాలి కదా. తేలికపడింది. కానీ, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎక్కడో కొంచెం చిన్నబోయాను కూడా. ఉద్యోగమివ్వని ఊళ్లో, ఇరవై రెండేళ్లప్పుడు, ఒక పెద్దమనిషి నా మాట మీద తన బతుకంతా పెట్టాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎంత తప్పు చేసినా అది నేను చేసిన పెద్ద పనే అనుకున్నాను. పాపం, ఆ కుర్రాడు నీళ్ల ట్యాంకు వైపు అంత గంభీరంగా చూడనక్కరలేదు. అత్త ఇంకో గరిటెడు అన్నం పెట్టింది, నేను వద్దనలేదు.